ఎం.బి.ఏ. పిల్లలకు సదస్సులెందుకు? దాతలకు ఒక వివరణ



మన సంఘం ఇచ్చే విద్యా సహాయంలో ఇన్నాళ్లూ ప్రధానంగా మూడు ఖర్చులే ఉండేవి: కాలేజీ ఫీజు, పుస్తకాలు, హాస్టలు. ఈ మధ్య ఎం.బి.ఏ. చదివే పిల్లల నుంచి నాలుగో రకం దరఖాస్తు వస్తోంది. హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో ఒక సదస్సు జరుగుతోంది, అక్కడికి వెళ్లాలి, రిజిస్ట్రేషన్ రుసుమూ దారి ఖర్చులూ ఇప్పించండి అని వాళ్లు రాస్తున్నారు. "సభలకు పోయి రావడానికి మన జకాత్ సొమ్మా?" అని కొందరు పెద్దలు అడుగుతున్నారు. అలా అడగడం న్యాయమే. ఇచ్చే డబ్బు ఏ పనికి పోతుందో, దాని వల్ల ఏం జరుగుతుందో తెలుసుకునే హక్కు ఇచ్చేవారికి ఉంది. ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ వ్యాసం రాస్తున్నాను.

సదస్సులో ఏం జరుగుతుంది?

మనకు సభ అంటే వేదిక, దండలు, ఉపన్యాసాలు, చివర వందన సమర్పణ గుర్తుకొస్తాయి. మేనేజ్‌మెంట్ కళాశాలల సదస్సు అది కాదు. అక్కడ మాట్లాడేవారు ఎందరో, వినేవారూ ఇంచుమించు అందరే. ఉదయం మాట్లాడినవారు మధ్యాహ్నం ముందు వరసలో కూర్చుని మరొకరిని ప్రశ్నలడుగుతారు.

పని నాలుగైదు నెలల ముందే మొదలవుతుంది. ఫలానా విషయం మీద పత్రాలు పంపండి అని కళాశాల ప్రకటన ఇస్తుంది. విద్యార్థి తాను చేసిన పరిశీలనను ఒక పేజీ సారాంశంగా రాసి పంపాలి. దాన్ని ఆ విషయం తెలిసిన అధ్యాపకులు చదువుతారు. బాగుంటే పూర్తి పత్రం రాయమంటారు, లేకుంటే తిప్పి పంపుతారు. పత్రం అంగీకరించాకే రుసుము కట్టి పేరు నమోదు చేసుకోవాలి.

సదస్సు సాధారణంగా రెండు రోజులుంటుంది. మొదట పేరున్న ఒక ఆచార్యుడో కంపెనీ అధిపతో కీలకోపన్యాసం చేస్తారు. తరవాత మూడు నాలుగు గదుల్లో ఒకేసారి పత్రాల సమర్పణ జరుగుతుంది. ఒక్కొక్కరికి పది పదిహేను నిమిషాల సమయం. చెప్పడం అయ్యాక ప్రశ్నలు. ఆ గదికి అధ్యక్షత వహించే ఆచార్యుడు తప్పులు చూపిస్తాడు, ఇంకా ఏం చూడాలో చెబుతాడు. మధ్యాహ్నం పరిశ్రమల వాళ్లతో చర్చావేదిక ఉంటుంది. బ్యాంకు అధికారి, సాఫ్ట్‌వేర్ కంపెనీలో నియామకాలు చూసేవారు, కొత్తగా వ్యాపారం పెట్టినవారు ఒకే బల్ల ముందు కూర్చుని మాట్లాడతారు. కొన్నిచోట్ల వ్యాపార ప్రణాళికల పోటీ కూడా పెడతారు.

వీటన్నిటికంటే విలువైన సమయం టీ విరామం. కార్యక్రమ పత్రంలో దానికి పావుగంటే కేటాయిస్తారు. కాని "సార్, మీరు చెప్పినదాంట్లో నాకొక సందేహం" అని విద్యార్థి ఒక పెద్ద సంస్థ అధికారి పక్కకు వెళ్లి నిలబడగలిగేది అప్పుడే. మామూలు రోజుల్లో ఆ అధికారి కార్యాలయం గేటు దాటి లోపలికి పోవడం కూడా కష్టం.

మన తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడెక్కడ?

ఇది అమెరికాకో ఢిల్లీకో సంబంధించిన వ్యవహారం కాదు. దేశంలో ఎం.బి.ఏ. చదువును మొదలుపెట్టిన తొలి విశ్వవిద్యాలయాల్లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఒకటి. అక్కడ 1957లోనే ఆ కోర్సు ఉంది. హైదరాబాదులో పరిశ్రమల నిర్వాహకులకు శిక్షణ ఇవ్వడానికి అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా 1956లో ఏర్పడింది. ప్రభుత్వరంగ సంస్థల నిర్వహణను అధ్యయనం చేయడానికి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఎంటర్‌ప్రైజ్ 1964లో వచ్చింది. ఇప్పుడది ఎం.బి.ఏ. స్థాయి చదువు చెబుతూ, పరిశోధన సదస్సులు కూడా నడుపుతోంది.

హైదరాబాదు గచ్చిబౌలిలోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ పేరు చాలామంది వినే ఉంటారు. 2001లో తరగతులు మొదలయ్యాయి. ఆ ఏడాది డిసెంబరు 2న నాటి ప్రధాని వాజపేయి దాన్ని ప్రారంభించారు. అమెరికాలోని వార్టన్, కెలాగ్, ఇంగ్లండులోని లండన్ బిజినెస్ స్కూల్ తోడ్పాటుతో అది నిలబడింది. అక్కడ రెండు రకాల సదస్సులు చూడవచ్చు. ఆర్థిక విషయాల పరిశోధన కేంద్రం వేసవిలో జరిపేది ప్రధానంగా పండితుల గోష్ఠి. డిజిటల్ సమ్మిట్, లీడర్‌షిప్ సమ్మిట్ వంటివి పరిశ్రమల వాళ్లు ఎక్కువగా వచ్చేవి. విద్యార్థులే వక్తలను పిలిచి, ఏర్పాట్లు చూసే సదస్సులు కూడా ఇలాంటి సంస్థల్లో మామూలే.

అదే గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం 1998 నుంచి ఉంది. అక్కడ ఎం.బి.ఏ. కూడా చెబుతారు. విశాఖపట్నంలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ 2015లో, బెంగళూరు ఐ.ఐ.ఎం. పర్యవేక్షణలో మొదలైంది. గంభీరంలోని దాని శాశ్వత ప్రాంగణం 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. ఇంకా దగ్గరకొస్తే, నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది. ఒంగోలులో ఇప్పుడు ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయమే ఉంది. చీమకుర్తి నుంచి పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరగల దూరంలో కూడా మన పిల్లలకు అవకాశాలు ఉన్నాయన్నమాట.

పెద్దవాళ్లు ఎందుకు వస్తారు?

కంపెనీ పెద్దలకు పనులు లేవా, పిల్లల దగ్గరికి ఎందుకొస్తారు అని ఒక దాత అడిగారు. వాళ్ల అవసరం వాళ్లకుంది. చురుకైన పిల్లలను అందరికంటే ముందు చూసుకోవచ్చు. ఇంటర్వ్యూలో అరగంటలో తెలియనిది, రెండు రోజులు ప్రశ్నలడిగే తీరు చూస్తే తెలుస్తుంది. సంస్థ పేరు పదిమందికీ తెలుస్తుంది. ఆచార్యులకు తమ పరిశోధన మీద తోటివారి విమర్శ దొరుకుతుంది. కళాశాలకు గుర్తింపు సంస్థల తనిఖీలో, ర్యాంకులలో ఈ కార్యక్రమాలు లెక్కకు వస్తాయి. అందరూ తమ తమ లాభం చూసుకునే వస్తారు. అందరికీ లాభం ఉన్నచోట మన పిల్లలు మాత్రమే లేకపోవడం మనకు నష్టం.

మన పిల్లలకు ఎందుకు ఎక్కువ అవసరం?

సచార్ కమిటీ నివేదిక 2006 నవంబరులో వచ్చింది. దేశంలోని ఐ.ఐ.ఎం.లన్నిటిలో, అన్ని కోర్సుల్లో కలిపి ఆనాడు చదువుతున్న 4,743 మందిలో ముస్లిం విద్యార్థులు 63 మంది మాత్రమేనని అందులో ఉంది. అంటే నూటికి 1.3. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో మనం నూటికి 13.4. అంకెలు పాతవే. కాని ఆనాడు చదివి ఉండాల్సినవారే ఈనాడు కంపెనీల్లో నియామకాలు చేసే స్థానాల్లో ఉండేవారు. అప్పటి లోటును ఇప్పటి పిల్లలు మోస్తున్నారు.

మన రాష్ట్రంలో 2007 నుంచి బి.సి.-ఇ కింద వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఉంది. ఐసెట్ రాసి ఎం.బి.ఏ.లో చేరే పిల్లలు దాని వల్ల పెరిగారు. కాలేజీ తలుపు తెరుచుకుంది. అయితే లోపలికి వెళ్లిన పిల్లవాడికి బయటికి దారి చూపే మనుషులు కావాలి. తండ్రి అధికారో వ్యాపారో అయిన పిల్లవాడికి భోజనాల దగ్గరే బాబాయి స్నేహితుడు ఉద్యోగం సంగతి చెబుతాడు. మన ఇళ్లలో చాలావరకు తండ్రి క్వారీలోనో పాలిషింగ్ యూనిట్‌లోనో లారీ మీదనో పనిచేస్తాడు. ఆ తండ్రి కష్టంలో ఏ లోపమూ లేదు. కాని ఒక కంపెనీలో మేనేజరు ఉద్యోగానికి ఎలా అడగాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1973లో ఒక పేరున్న వ్యాసం రాశాడు. ఉద్యోగం సంగతి మనిషికి ఎక్కువగా దగ్గరి బంధుమిత్రుల ద్వారా కాక, అరుదుగా కలిసే పరిచయస్తుల ద్వారా తెలుస్తుందని ఆయన గమనించాడు. కారణం ఆలోచిస్తే సులువే. మన మేనమామకు తెలిసిన కబురు మనకూ తెలిసే ఉంటుంది. ఎప్పుడో ఒకసారి కలిసిన పొరుగూరి మనిషి మనకు తెలియని కబురు తెస్తాడు. సదస్సులో దొరికేవి సరిగ్గా అలాంటి పరిచయాలే. ఒక ఫోన్ నంబరు, ఒక మెయిల్ చిరునామా, "నీ ప్రాజెక్టు పూర్తయ్యాక నాకు పంపు" అనే ఒక్క మాట.

అలాగని సదస్సుకు వెళ్లిన ప్రతివారికీ ఉద్యోగం వస్తుందని చెప్పను. చాలామందికి వెంటనే ఏమీ రాదు. కాని ఒక గదినిండా తెలియనివాళ్ల ముందు నిలబడి పది నిమిషాలు మాట్లాడి, ప్రశ్నకు జవాబు చెప్పి కూర్చున్న పిల్లకు ఆ తరవాత ఇంటర్వ్యూ గది భయం తగ్గుతుంది. మన పిల్లలు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరుగుతారు. మూడు భాషలు తెలిసీ నోరు విప్పలేకపోవడమే బడిలో ఇన్నేళ్లుగా నేను చూస్తున్న సమస్య. నలుగురిలో మాట్లాడితేనే అది పోతుంది.

మన దగ్గర చెప్పడానికి ఏముంది?

పల్లె నుంచి వెళ్లిన పిల్లలు పెద్ద సదస్సులో ఏం చెబుతారు అని చిన్నబుచ్చుకోనక్కరలేదు. చీమకుర్తి రాయి ప్రపంచంలో చాలా దేశాలకు తెలుసు. నల్లని రాతిలో బంగారు చుక్కల్లా మెరిసే బ్లాక్ గెలాక్సీ మన దగ్గరిది. దాన్ని గ్రానైట్ అంటున్నామే గాని, భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో కుటుంబానికి చెందిన రాయి. ఆ మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. రాతి పేరు విన్న ఆచార్యులు చాలామంది ఉంటారు. క్వారీలో బ్లాకు ఎలా లెక్కగడతారో, ఒక చిన్న పగులు వల్ల ధర ఎంత పడిపోతుందో చూసినవాళ్లు తక్కువ.

ఇక్కడ పరిశోధనకు ప్రశ్నలు బోలెడు. బ్లాకుగానే ఎగుమతి చేస్తే ఎంత మిగులుతుంది, ఇక్కడే కోసి పాలిష్ చేసి పలకలుగా పంపితే ఎంత మిగులుతుంది? చైనా కొనుగోలుదారు బ్లాకులే అడుగుతుంటే చిన్న యూనిట్ ఎలా బతకాలి? పనికిరాని రాతి ముక్కలు గుట్టలుగా పడి ఉన్నాయి, వాటిని అమ్ముకునే దారి ఉందా? కరెంటు బిల్లు పెరిగితే పాలిషింగ్ యూనిట్ లెక్క ఎలా మారుతుంది? ఇవన్నీ ఎం.బి.ఏ. పాఠాల్లో ఖర్చుల లెక్క, మార్కెటింగు, సరఫరా వ్యవస్థ అనే పేర్లతో చెప్పే విషయాలే.

మిర్చి సంగతి కూడా అంతే. పండిన కాయను వెంటనే గుంటూరు యార్డుకు తోలాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం ఆగాలా? ఆగితే అద్దె ఎంత, తెచ్చిన అప్పు మీద వడ్డీ ఎంత, ధర పెరగకపోతే నష్టం ఎంత? ఈ లెక్క కమీషన్ దుకాణంలో కూర్చున్న గుమాస్తాకు తెలుసు, రైతుకు అనుభవంలో తెలుసు. దాన్ని పట్టిక వేసి, పదిమంది రైతులను అడిగి, కాగితం మీద పెట్టగల విద్యార్థి చేతిలో మంచి పత్రం ఉన్నట్టే. పుస్తకాల్లోంచి ఎత్తి రాసిన పత్రం కంటే ఇలాంటిదాన్నే సదస్సులో శ్రద్ధగా వింటారు.

సదస్సులు మనకు కొత్త కాదు

మన సముదాయానికి ఈ పద్ధతి పాతదే. ఇస్లాంకు పూర్వమే తాయిఫ్ దగ్గర ఉకాజ్ సంతలో వర్తకులూ కవులూ ఒకచోట చేరేవారు. ప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ హజ్రత్ ఖదీజా రజియల్లాహు అన్హా సరుకుతో షామ్ దేశానికి బిడారు వెంట వెళ్లి వ్యాపారం చేశారు. పరాయి ఊరికి వెళ్లి, పరాయివారితో మాట్లాడి, నమ్మకం సంపాదించడం మన చరిత్రలో గౌరవమైన పని.

దగ్గరి కాలంలో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1886లో విద్య కోసమే ఒక మహాసభను స్థాపించారు. అది తరవాత అఖిల భారత ముహమ్మదీయ విద్యా కాన్ఫరెన్సుగా పేరుపొందింది. ఏటా ఒక్కో నగరంలో సమావేశమయ్యేది. 1901లో మద్రాసులో జరిగింది. అప్పుడు మన ప్రాంతమంతా మద్రాసు రాజధానిలోనే ఉంది. ఆ స్ఫూర్తితో దక్షిణ భారత ముస్లిం విద్యా సంఘం ఏర్పడింది. ఆ సంఘం 1951లో మద్రాసులో న్యూ కాలేజీని స్థాపించింది. మన కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ 1947లో ఉస్మానియా కళాశాలను స్థాపించారు. పెద్దలు కూర్చుని మాట్లాడుకుంటే, దాతలు వెనక నిలబడితే కళాశాలలే లేచాయి. మనం ఇప్పుడు అడుగుతున్నది ఒక బస్సు టికెట్టూ రెండు రోజుల బసా మాత్రమే.

మోసాలు కూడా ఉన్నాయి

దాతలు అప్రమత్తంగా ఉండాల్సిన సంగతి ఒకటి ఉంది. డబ్బు కడితే చాలు, వచ్చినా రాకపోయినా సర్టిఫికెట్టు పంపే సదస్సులు పుట్టుకొచ్చాయి. పేరులో అంతర్జాతీయం అని ఉంటుంది, జరిగేది ఒక హోటలు గదిలో. కాబట్టి దరఖాస్తు రాగానే ఐదు విషయాలు చూడాలి. నడిపేది ఏ విశ్వవిద్యాలయం, ఏ కళాశాల? వక్తలు నిజంగా ఆ సంస్థల్లో పనిచేస్తున్నవారేనా? పత్రాన్ని చదివి అభిప్రాయం పంపారా, లేక పంపిన రోజే అంగీకరించారా? విద్యార్థులకు తగ్గింపు రుసుము ఉందా? గత ఏడాది జరిగిన సదస్సు వివరాలు దొరుకుతున్నాయా? ఇవన్నీ కళాశాల అధ్యాపకుడొకరిని అడిగితే పది నిమిషాల్లో తేలుతాయి. జవాబు తృప్తిగా లేకపోతే దరఖాస్తు తిరస్కరించాలి.

జకాతా, సదఖానా?

జకాత్ అందుకోదగిన ఎనిమిది వర్గాలను ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయత్ చెబుతుంది. వారిలో మొదటివారు పేదలు, నిరుపేదలు. పేద విద్యార్థి ఆ కారణంగానే జకాత్‌కు అర్హుడవుతాడు. అయితే హనఫీ మజ్‌హబ్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడి చేతికి, అతని సొంతంగా చేరాలి. కాబట్టి హాలు అద్దె, టీ ఖర్చు, బ్యానర్లు వంటివాటికి జకాత్ వాడకూడదు. వాటిని సదఖా, సాధారణ విరాళాల నుంచే చూసుకోవాలి. విద్యార్థి నిజంగా అర్హుడైతే డబ్బు అతనికే ఇచ్చి, అతనే రుసుము కట్టుకునేలా చేయవచ్చు. రెండు ఖాతాలూ వేరుగా ఉంచి, ప్రతి సందర్భంలో ముఫ్తీ సాహెబుల సలహా తీసుకోవడం మంచిది. అర్హత లేని పిల్లలకు సహాయం చేయాలంటే సదఖా నుంచి ఇవ్వచ్చు, లేదా ఉద్యోగం వచ్చాక తిరిగి కట్టే ఖర్జె హసనాగా ఇవ్వచ్చు.

ఆడపిల్లల విషయం

దరఖాస్తుల్లో ఆడపిల్లలవీ ఉన్నాయి. తల్లిదండ్రుల భయాలు తీసిపారేయదగినవి కావు. ఎవరు తోడు వెళతారు, రాత్రి ఎక్కడ ఉంటారు, నమాజుకు చోటు దొరుకుతుందా, హిజాబ్‌తో వెళితే ఎలా చూస్తారు అని అడుగుతారు. వీటికి ముందే ఏర్పాటు చేయవచ్చు. ఒక్కరిని పంపకుండా ముగ్గురు నలుగురిని కలిపి, ఒక అధ్యాపకురాలినో ఇంటివారినో తోడిచ్చి పంపాలి. తోడు వెళ్లేవారి ఖర్చు కూడా సహాయంలో కలపాలి. బస విశ్వవిద్యాలయం మహిళా హాస్టలులో అడగాలి. మొదటిసారి ఒంగోలు, గుంటూరు వంటి దగ్గరి ఊళ్లకు ఒక్క పూట పంపితే ఇంట్లోవారికి ధైర్యం వస్తుంది. తోడు ఖర్చు లేదన్న ఒక్క కారణంతో మంచి పత్రం రాసిన పిల్ల ఇంట్లో కూర్చోకూడదు.

సంఘం ముందు ఒక ప్రతిపాదన

ఇక ఆచరణ మాట. ఏటా కొద్దిమంది విద్యార్థులతో మొదలుపెడదాం. పత్రం అంగీకారమైనవారికే సహాయం ఇద్దాం. వెళ్లే ముందు మన సంఘం కార్యాలయంలోనే ఇద్దరు ముగ్గురు పెద్దల ముందు పత్రం చదివించి, ప్రశ్నలు వేద్దాం. తిరిగి వచ్చాక వాళ్లు రెండు పనులు చేయాలి. ఏం నేర్చుకున్నారో దాతలకు ఒక పేజీ రాసి ఇవ్వాలి. మన బడిలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఒక గంట చెప్పాలి. ఒకరికి పెట్టిన ఖర్చు అలా నలభైమందికి చేరుతుంది.

రెండోది, ఏడాదికి ఒకసారి చీమకుర్తిలోనే ఒక్క పూట చిన్న సమావేశం పెడదాం. గ్రానైట్ ఎగుమతి చేసే వ్యాపారి ఒకరు, బ్యాంకు మేనేజరు ఒకరు, చార్టర్డ్ అకౌంటెంట్ ఒకరు, ఒంగోలు నుంచి మేనేజ్‌మెంట్ ఆచార్యుడు ఒకరు వస్తే చాలు. మతభేదం లేకుండా ఊళ్లో డిగ్రీ, ఎం.బి.ఏ. చదివే పిల్లలందరినీ పిలుద్దాం. దండలు, శాలువలు వద్దు. ఉపన్యాసాలకు అరగంట, పిల్లల ప్రశ్నలకు రెండు గంటలు. జుహర్ నమాజ్ తరవాత భోజనం. మన దాతల్లో చాలామంది స్వయంగా వ్యాపారులే. డబ్బుతోపాటు ఆ పూట మీ అనుభవాన్ని కూడా విరాళంగా ఇవ్వండి. అప్పు ఎలా తెచ్చారో, సరుకు తిరిగొచ్చినప్పుడు ఏం చేశారో, మాట మీద వ్యాపారం ఎలా నిలబెట్టారో మీ నోటితో వినడం ఆ పిల్లలకు ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఫీజు కట్టి పిల్లవాడిని కాలేజీ దాకా చేర్చిన పుణ్యం మీది. ఇంకొక్క అడుగు కోసమే ఈ అభ్యర్థన. అల్లాహ్ మీ సంపాదనలో బరకత్ ప్రసాదించుగాక, ఈ పిల్లల చదువును వారికీ ఊరికీ మేలు చేసేదిగా చేయుగాక. ఆమీన్.